కాళ్లూ చేతులూ ఆడని ఆ అర నిమిషానికి ముందే సిద్ధపడటం

ప్రమాదం వచ్చినప్పుడు "కంగారు పడకండి" అని చెప్పేవాళ్లు చాలామందే ఉంటారు గానీ, ఆ మాట విని కంగారు తగ్గినవాళ్లు మాత్రం కనపడరు. ఎందుకంటే అది మన చేతిలో లేదు. మంటో, రక్తమో, పడిపోయిన మనిషో కళ్లబడగానే ఒంట్లోకి అడ్రినలిన్ అనే హార్మోన్ దూకుతుంది, గుండె దడదడలాడుతుంది, చూపు ఎదురుగా ఉన్న ఒక్కదాని మీదే బిగుసుకుపోతుంది, వేళ్లు వణుకుతాయి. రోజూ వందసార్లు తెరిచే ఫోన్ లాక్ అప్పుడే తెరుచుకోదు. ఇది పిరికితనం కాదు, అందరి శరీరమూ చేసే పనే. కాబట్టి భయం రాకుండా చూసుకోవాలనే లక్ష్యం పెట్టుకోకండి, అది జరగదు. భయం వచ్చినా చెయ్యి దానంతటదే మొదలుపెట్టగలిగే ఒక్క పని ముందే ఖాయం చేసి పెట్టుకోండి. నెమ్మది అనేది పని మొదలయ్యాక వస్తుంది, ముందు రాదు.

చాలామంది అనుకున్నట్టు ఆపదలో జనం అరుస్తూ అటూ ఇటూ పరిగెత్తడమే పెద్ద సమస్య కాదు, కొయ్యబారిపోవడం అంతకంటే పెద్ద సమస్య. 1977 మార్చి 27న స్పెయిన్‌కి చెందిన టెనెరిఫె దీవి విమానాశ్రయంలో రన్‌వే మీద రెండు విమానాలు ఢీకొని 583 మంది చనిపోయారు. ఒక విమానంలోంచి ప్రాణాలతో బయటపడ్డవాళ్లు తర్వాత చెప్పిందేమిటంటే, చుట్టూ మంటలు లేస్తున్నా కొందరు సీట్లలోంచి కదల్లేదట. భార్యను లేపి బయటికి తీసుకెళ్లిన ఒకాయన మాత్రం, విమానం కదలకముందే భద్రత కార్డు చూసి తలుపులు ఎక్కడున్నాయో గమనించి పెట్టుకున్నాడు. కొత్త చోటికి వెళ్లినప్పుడల్లా, హోటలైనా హాలైనా, బయటికి రెండు దారులు ఎటున్నాయో ఒకసారి చూసుకోండి. ఐదు సెకన్ల పని.

ఇంకో జబ్బు "ఏం కాదులే, ఎవరూ లేవట్లేదుగా" అనుకోవడం. 1968లో లాటానె, డార్లీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక గదిలోకి కావాలనే పొగ వదిలి చూశారు. ఒంటరిగా ఉన్నవాళ్లలో 75 శాతం మంది లేచి వెళ్లి చెప్పారు, పక్కన ఏమీ పట్టనట్టు కూర్చున్న ఇద్దరు ఉంటే మాత్రం 10 శాతమే. అందుకే అనుమానం వస్తే ఎవరి ముఖమూ చూడకుండా నేనే లేస్తానని ఇప్పుడే తీర్మానించుకోండి. తప్పుడు అలారం అయితే కాస్త నవ్వుకుంటారు, అంతేగా. సాయం అడిగేటప్పుడు కూడా "ఎవరైనా ఫోన్ చేయండి" అంటే ఎవరూ చేయరు. ఒకరి వైపు వేలు చూపించి "నీలం చొక్కా వేసుకున్న మీరే, అంబులెన్స్‌కి ఫోన్ చేసి ఏమన్నారో నాకు వచ్చి చెప్పండి" అనాలి.

ఇక అసలు సాధన. "ఇలా జరిగితే, మొదట ఇది చేస్తాను" అనే ఒక్క వాక్యం రాసుకోండి, మీకు నిజంగా ఎదురయ్యే అవకాశం ఉన్న రెండు మూడు సందర్భాలకే. పాతిక రాసుకుంటే ఒక్కటీ గుర్తుండదు. బాణలిలో నూనె అంటుకోవడమే తీసుకోండి. చెయ్యి ముందు నీళ్ల వైపే పోతుంది, అదే కొంప ముంచేది: నీళ్లు నూనె అడుగుకి చేరి ఒక్కసారిగా ఆవిరై మండే నూనెను గది నిండా చిమ్ముతాయి. మీ వాక్యం ఇలా ఉండాలి: "నూనె అంటుకుంటే, పొయ్యి కట్టేసి మూత జరుపుతాను." ఇప్పుడు లేచి చల్లటి ఖాళీ బాణలి ముందు నిలబడి చేసి చూడండి. మూత పైనుంచి పడేయకుండా, మంటకీ మీకూ మధ్య అడ్డుగా పట్టుకుని మీ వైపు నుంచి అవతలికి జరపాలి. బాణలి ఎత్తుకుని పరిగెత్తకూడదు, చల్లారేదాకా మూత తీయకూడదు. చేస్తున్నప్పుడే అసలు విషయాలు బయటపడతాయి: ఆ బాణలికి సరిపోయే మూత అలమరలో గిన్నెల అడుగున ఉంటుంది, పొయ్యి మీటకి చెయ్యి వెళ్లాలంటే మంట పైనుంచే వెళ్లాల్సి వస్తుంది. చదివితే ఇవి తెలియవు. మంట మీ చేతిలో లేదనిపిస్తే వంటగది తలుపు మూసి అందరితో బయటపడి ఫోన్ చేయడమే.

మిగతావి కూడా ఇలాగే. చర్మం కాలితే 20 నిమిషాలు కుళాయి నీళ్ల కింద పెట్టాలి, ఐసూ టూత్‌పేస్టూ వద్దు. ఫిట్స్ వస్తే నోట్లో ఏమీ పెట్టకూడదు, గడియారం చూసుకోవాలి, ఐదు నిమిషాలు దాటితే అంబులెన్స్ పిలవాలి. స్పృహ లేకుండా, శ్వాస ఆడకుండా ఉన్న పెద్దవాళ్లకి ఫోన్ చేయించి ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతున నొక్కాలి. ఈ చివరిది మాత్రం శిక్షణలో వాడే మనిషి బొమ్మ మీద ఒకసారైనా నేర్చుకోండి, వీడియో చూస్తే చాలదు.

ఫోన్ చేయడాన్ని కూడా సాధన చేయాలంటే నవ్వొస్తుంది గానీ, చాలామంది తడబడేది అక్కడే. ఏం జరిగిందో కథంతా చెప్పి చివర్లో అడ్రస్ దగ్గరికి వస్తారు, ఈలోగా లైన్ కట్టవుతుంది. ముందు అడ్రస్, తర్వాత ఏమైంది, ఎంతమందికి; వాళ్లు పెట్టేయమనేదాకా ఫోన్ పెట్టకూడదు. అడ్రస్, దగ్గరి గుర్తు, ఇంట్లోవాళ్ల మందులు, పడని మందులు ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి తలుపు వెనక అంటించండి, టెన్షన్‌లో సొంత ఇంటి నంబరే నోటికి రాదు. లాక్ తీయకుండానే ఎమర్జెన్సీ కాల్ ఎలా చేయాలో ఇంట్లో పెద్దవాళ్ల, పిల్లల చేతికి ఫోన్ ఇచ్చి చూపించమనండి, కాల్ వెళ్లే ముందు ఆపేసేలా.

కంగారు తగ్గడానికి శ్వాస సంగతి అందరూ చెప్పేదే: నాలుగు లెక్కపెట్టి లోపలికి, ఆరు లెక్కపెట్టి బయటికి. కాకపోతే దాన్ని సోఫాలో కూర్చుని సాధన చేస్తే అక్కరకి రాదు, మెట్లెక్కి రొప్పుతున్నప్పుడు చేయండి. పొగలో ఉంటే మాత్రం ఇవేవీ వద్దు, వంగి బయటపడాలంతే.

2011 మార్చి 11న జపాన్‌లో సునామీ వచ్చినప్పుడు కమైషి పట్టణంలో దాదాపు 3,000 మంది బడిపిల్లలు బతికారు. అక్కడ ఏళ్లుగా సాధన చేయించడమే కాదు, అనుకున్న చోటు కూడా సరిపోకపోవచ్చని నేర్పారు. ఒక హైస్కూలు పిల్లలు ముందు చేరిన చోటు ప్రమాదంగా కనిపించేసరికి పక్క బడి చిన్నపిల్లలతో కలిసి ఇంకా ఎత్తుకి వెళ్లారు. మీ సాధనలోనూ అప్పుడప్పుడూ "ఈ తలుపు తెరుచుకోకపోతే?" అని మెలిక పెట్టండి.

అసలే ఊరికే బెంగపడే స్వభావం ఉన్నవాళ్లకి ఒక మాట. జరగబోయే ఘోరాన్ని తలుచుకోవడం సాధన కాదు. ఊహలో ఎప్పుడూ పని పూర్తయ్యేదాకా వెళ్లండి, మంట ఆరిపోయింది, అందరూ బయట ఉన్నారు, అక్కడ ఆపేయండి. అలా ఆగకుండా రాత్రి నిద్ర చెడుతుంటే ఊహలు మానేసి చేతులతో చేసే సాధనే చేసుకోండి.

అంతా అయ్యాక ఒళ్లు వణకడం, ఏడుపు రావడం, మాట పడిపోయినట్టు ఉండటం మామూలే, అప్పటిదాకా గట్టిగా నిలబడ్డవాళ్లకి కూడా వస్తుంది. వెంటనే బండి నడపకండి, ఎవరో ఒకరి పక్కన కూర్చోండి. మర్నాడు ఏ వస్తువు చేతికి దొరకలేదో, ఏ మాట నోటికి రాలేదో రాసుకుని అక్కడ సర్దుకోండి. నెల దాటినా ఆ దృశ్యమే కళ్లముందు తిరుగుతూ, పీడకలలు వస్తుంటే డాక్టర్‌ని కలవండి, అదే తగ్గుతుందని లాగించొద్దు.