మిరుగు రాకముందే: షికారు కూర తినే ఇళ్లకు కొన్ని జాగ్రత్తలు

మృగశిర కార్తె దగ్గర పడుతుందంటే మన దగ్గర నోళ్లు ఊరడం మొదలవుతుంది. మిరుగు నాడు చేప తినాల్సిందే. తొలకరి పడితే ఉసిళ్లు లేస్తాయి. నాట్ల టైముకు ఒడ్ల పొంటి ఎండ్రికాయలు దొరుకుతాయి. మక్కచేను కంకి పట్టేసరికి రాత్రి పదింటికి ఎవరో ఒకరు ఫోన్ చేసి "పంది పడ్డది, పోగు కావాల్నా?" అని అడుగుతారు. అచ్చంపేట, బల్మూరు, అమ్రాబాద్ వైపు గానీ, ఇటు దేవరకొండ, చందంపేట వైపు గానీ అడవి అంచు ఊళ్లలో పెరిగినవాళ్లకు ఇవేవీ కొత్త కాదు.

ఏటా ఈ సీజన్‌లోనే ప్రాణాలు కూడా పోతున్నాయి. తినేవాళ్లవీ పోతున్నాయి, దానితో సంబంధమే లేనివాళ్లవీ పోతున్నాయి. అందుకే వానలు పడకముందే చెప్తున్నాను: ఆ జీవం ఎట్లా చచ్చిందో తెలియకుండా కూర పొయ్యి మీద పెట్టకండి. కింద రాసిన జాగ్రత్తల్లో ఎక్కువ భాగం ఆ ఒక్క ప్రశ్న నుంచి వచ్చినవే.

కరెంటు తీగ

అన్నిటికంటే ముందు దీని గురించే చెప్పాలి, ఎందుకంటే ఇది పందికంటే ముందు మనిషిని చంపుతుంది. పందుల కోసం పెట్టే ఆ తీగ చీకట్లో కనిపించదు. సెంట్రింగ్ పనిలో వాడే బైండింగ్ వైరంత సన్నగా ఉంటుంది. గట్టు పొడుగునా చిన్న చిన్న పుల్లలు, వాటికి చుట్టిన పాత ట్యూబు ముక్కలో ప్లాస్టిక్ పైపు ముక్కలో, వాటి మీద మోకాలి కింద ఎత్తున లాగిన తీగ. పగలు చూస్తే కంచె కోసం గుచ్చిన పుల్లల్లాగే ఉంటాయి. రాత్రి అందులో కరెంటు ఉంటుంది. వాన పడి గడ్డి పెరిగితే పగలు కూడా కనిపించదు.

దానికి బలైనవాళ్లలో షికారుకు పోయినవాళ్లే కాదు, రాత్రి మోటరు వేయడానికి పోయిన పక్క పొలం రైతు, తప్పిపోయిన బర్రెను వెతుక్కుంటూ పోయిన పిల్లవాడు, పొద్దున్నే బహిర్భూమికి పోయిన ఆడమనిషి కూడా ఉన్నారు. తీగ పెట్టిన మనిషే మర్చిపోయి తన తీగకే తగిలి చనిపోయిన సంఘటనలూ ఉన్నాయి. ఇది పంట కాపాడుకోవడం కాదు. ఎవరు పెట్టినా నేరుగా వద్దని చెప్పండి. పక్క పొలమాయనతో మాట పడుతుందని ఊరుకోవద్దు.

మక్క, పల్లి చేన్ల మధ్య నుంచి రాత్రి పోవాల్సి వస్తే అడ్డదారి పట్టకండి. టార్చిలైటును దూరంగా కాకుండా కాళ్ల ముందు నేల మీదికి కొట్టండి. గట్టు పొంటి కుక్కో, నక్కో, ముంగిసో చచ్చి పడి ఉంటే అక్కడే ఆగి, వచ్చిన అడుగుల్లోనే వెనక్కి రండి. దగ్గరికి పోయి చూడాలనుకోవద్దు. మనిషి పడిపోయి కనిపిస్తే ముట్టుకోకండి, లేపబోయినవాళ్లూ అక్కడే పోతారు. ముందు కరెంటు బంద్ కావాలి. 1912కు ఫోన్ చేయండి, లైన్‌మన్ నంబరు సెల్‌ఫోన్‌లో ముందే పెట్టుకోండి. పైనుంచి పోయే 11 కేవీ లైనుకు కొండీ వేశారన్న అనుమానం ఉంటే ఎండు కట్టె కూడా కాపాడదు. కరెంటు పోయిందని తేలాకే మనిషి దగ్గరికి పోవాలి. ఊపిరి లేకపోతే ఛాతీ మధ్యలో రెండు చేతులు పెట్టి నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూ ఉండాలి. 108 వచ్చేదాకా ఆపొద్దు.

ఇక ఆ తీగకు పడ్డ పంది మాంసం సంగతి. గొంతు కోసి నెత్తురు కార్చిన మాంసం కాదది. రాత్రి ఎప్పుడో పడి, కడుపు ఉబ్బి, లోపలి పేగుల ఖరాబు కండలోకి దిగి, తెల్లారాక కోసి పోగులు పెట్టిన మాంసం. ఈ ఉక్కపోతలో రెండు మూడు గంటలు చాలు పాడవడానికి. మసాలా వేస్తే వాసన పోతుందేమో గానీ విషం పోదు.

"మరి పంట సంగతేంది?" అంటారు. న్యాయమైన ప్రశ్న. రాత్రికి రాత్రి ఒక మంద పడితే పల్లి చేను దుక్కి దున్నినట్టు అవుతుంది. సోలార్ కంచెలో ఎనర్జైజర్ ద్వారా ఆగి ఆగి చిన్న షాక్ వస్తుంది, అది బెదిరిస్తుంది గానీ చంపదు. ఇంటి కరెంటును తీగకు కలిపి సోలార్ కంచె అని చెప్పుకోవడం మాత్రం ఒట్టి మోసం. పల్లి చేను చుట్టూ నాలుగు వరుసలు కుసుమలు వేస్తే ఆ ముళ్లకు, వాసనకు పంది చాలావరకు లోపలికి రాదు. మక్క చుట్టూ ఆముదం వేయమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చాలాకాలంగా చెప్తున్నారు. విత్తనం వేసేటప్పుడే అనుకోవాలి, కంకి పట్టాక కాదు. నష్టం జరిగితే ఫొటోలు తీసి అటవీ శాఖకు దరఖాస్తు పెట్టండి.

చట్టం మాట

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని 2022లో సవరించారు, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం అడవి పంది, చెవులపిల్లి, దుప్పి ఏదైనా సరే అనుమతి లేకుండా వేటాడటం నేరం. ఉడుము, అలుగు, నెమలి, అట్లాగే మక్తల్, మాగనూరు వైపు చేన్లలో మందలుగా తిరిగే కృష్ణజింక మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. వీటి విషయంలో మూడేళ్లకు తక్కువ కాకుండా ఏడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయలకు తగ్గని జరిమానా. చంపినవాళ్లే కాదు, మాంసం ఇంట్లో పెట్టుకున్నవాళ్లు కూడా ఇరుక్కుంటారు. "నేను కొన్నానంతే" అన్న మాట చెల్లదు. 2006 అటవీ హక్కుల చట్టం చెంచులకు తేనె, జిగురు, కుంకుడుకాయల వంటి వాటి మీద హక్కు ఇచ్చింది గానీ వేటను మాత్రం స్పష్టంగా మినహాయించింది. చెంచు పెంటల్లోని (గూడేల్లోని) పెద్దమనుషులకు ఈ సంగతి బాగా తెలుసు. తెలియనట్టు నటించేది బయటి నుంచి వచ్చి వాళ్లను ముందు పెట్టి షికారు చేయించుకునేవాళ్లు. కేసు మాత్రం చెంచు పిల్లవాడి మీద పడుతుంది. ఆ పని చేయకండి.

వాట్సాప్‌లో "జింక మాంసం, కిలో ఇంత" అని వచ్చే మెసేజ్ నిజమైతే నేరం, అబద్ధమైతే మోసం. రెండు విధాలా డబ్బులు పోతాయి.

ఉడుము నెత్తురు తాగితే నడుము నొప్పి పోతుందని, దాని కూర తింటే పట్టు వస్తుందని ఇంకా నమ్మేవాళ్లు ఉన్నారు. బల్లి జాతి జీవాల పేగుల్లో సాల్మొనెల్లా అనే క్రిమి మామూలుగానే ఉంటుంది. పచ్చి నెత్తురుతో అది నేరుగా కడుపులోకి పోతుంది. నడుము నొప్పికి అది మందు కాదు. ఈ మాట ఇంట్లో పెద్దవాళ్లకు ఓపికగా చెప్పాల్సింది మనమే.

మందు పెట్టి, బాంబు పెట్టి చంపినవి

గువ్వలు, కౌజులు గుంపుగా ఒకేచోట చచ్చి పడ్డాయంటే గింజలకు గుళికల మందో, మోనో (మోనోక్రోటోఫాస్) లాంటి పురుగుమందో కలిపి చల్లారన్నమాట. ఈకలు పీకి కాల్చినా, గంటసేపు ఉడికించినా ఆ విషం పోదు. పిట్టను పారేయడం కూడా చాలదు. కుక్కలు, గద్దలు తిని చస్తాయి. చేతికి కవరు తొడుక్కుని లోతుగా పూడ్చాలి.

పందికి పెట్టే నాటు బాంబు ఇంకా ఘోరం. పిండి ముద్దలో, పండులో పెట్టి వదిలేస్తే ముందు కొరికేది మేతకు పోయిన ఆవో, గొర్రెల వెంట పోయిన కుక్కో. పిల్లలు చేతిలోకి తీసుకుంటే వేళ్లు పోతాయి. బడులు తెరవకముందే ఇంట్లో కూర్చోబెట్టి చెప్పండి: గట్టు మీద దారం చుట్టిన ఉండ కనబడితే కాలితో తన్నొద్దు, రాయితో కొట్టొద్దు, పెద్దవాళ్లను పిలవాలి.

నాటు తుపాకీ, ఎయిర్‌గన్‌తో కొట్టిన మాంసంలో సీసం మిగిలిపోతుంది. గుండు తీసేసినా దాని పొడి గాయం చుట్టూ కండలోకి పోతుంది, కంటికి కనిపించదు. గర్భిణికి, చిన్న పిల్లలకు సీసం ఎంత కొంచెమైనా చెరుపే.

దానంతటదే చచ్చింది

అడవిలోనో చెరువు కట్ట మీదో చచ్చి పడిన జీవాన్ని "ఇంకా వేడిగానే ఉంది" అని తెచ్చుకోవడం అన్నిటికంటే పెద్ద తప్పు. ముక్కు నుంచి, వెనక నుంచి నల్లటి నెత్తురు కారుతూ గడ్డ కట్టకపోతే అది దొమ్మ రోగం (ఆంత్రాక్స్) కావచ్చు. కోయడమే ప్రమాదం. కోసినవాళ్ల చేతికి నొప్పి లేని పుండు లేస్తుంది, మధ్యలో నల్లగా మాడినట్టు ఉంటుంది. దాని బీజాలు మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతాయి, మామూలు వంట మంటకు చస్తాయన్న భరోసా లేదు. గొర్రె అయినా బర్రె అయినా ఇట్లా చస్తే తోలు కూడా ఒలవకుండా 1962కు ఫోన్ చేయండి, పశువుల డాక్టరు వచ్చాక ఆయన చెప్పినట్టు పూడ్చండి.

పంది మాంసం ఏదైనా

అడవి పందిని తినమని నేను చెప్పడం లేదు. ఊళ్లో పెంచే పంది మాంసానికి కూడా ఈ జాగ్రత్తలే కాబట్టి రాస్తున్నాను. కండలో బియ్యపు గింజంత తెల్లటి పొక్కులు కనిపిస్తే ఆ మాంసం మొత్తం వదిలేయండి, అవి బద్దెపురుగు పిల్లలు. కనిపించకుండా ఉండే ట్రైకినెల్లా అనే పురుగు ఇంకొకటి ఉంది. అది కండలో చుట్టుకుని ఉంటుంది, తిన్నాక జ్వరం, కళ్ల చుట్టూ వాపు, ఒళ్లంతా కండరాల నొప్పి. ముక్క లోపల 71 డిగ్రీల వేడి తగిలితే అది చస్తుందన్న భరోసా. ఇంట్లో థర్మామీటర్ ఉండదు కాబట్టి ముక్కలు చిన్నగా కొట్టి, లోపల ఎక్కడా గులాబీ రంగు లేకుండా, ఎముక దగ్గర నెత్తురు జాడ లేకుండా ఉడికించాలి. నిప్పుల మీద కాల్చి, పైన నల్లబడగానే తినే అలవాటు మానాలి. ఒట్టి తునకలు కూడా ఎండబెట్టినంత మాత్రాన శుభ్రం కావు. ఉప్పు, పసుపు, ఎండ ఈ పురుగును నమ్మకంగా చంపలేవు. తినేముందు మళ్లీ బాగా ఉడకాల్సిందే.

కోసేటప్పుడు చేతికి గాయం ఉంటే ఇంకొకరికి అప్పగించండి. పచ్చి మాంసం కోసిన కత్తితోనే ఉల్లిగడ్డ కోయొద్దు.

తినగలిగినవి, వాటి జాగ్రత్తలు

పొలం ఎలుక తినే ఇళ్లు మన దగ్గర ఉన్నాయి, దాన్ని చిన్నచూపు చూడాల్సిన పని లేదు. ఇక్కడ మాత్రం ఎట్లా దొరికిందో చూస్తే చాలదు. జింక్ ఫాస్ఫైడ్ అనే ఎలుకల మందు తిన్న ఎలుక తొందరగానే చస్తుంది. బ్రోమాడయోలోన్ అనే ఇంకో ఎలుకల మందు తిన్నది మాత్రం రోజుల తరబడి బతికే ఉంటుంది. ఆ విషం దాని కాలేయంలో నిల్వ ఉంటుంది. తవ్వి పట్టిన ఎలుక ఎగరకుండా మందకొడిగా ఉన్నా, పట్టపగలు బయట తిరుగుతున్నా, ముక్కు దగ్గర నెత్తురు చుక్క ఉన్నా వదిలేయండి. పక్క పొలాల్లో మందు పెట్టారేమో అడిగి తెలుసుకున్నాకే తవ్వండి. ఊరంతా కలిసి ఎలుకల మందు పెట్టిన ఏడాది ఆ కూర జోలికి పోవద్దు. బొరియలో చేయి పెట్టొద్దు, నాగుపాము ఉండేది అక్కడే. ఎలుక మూత్రం కలిసిన బురదలో గాయం ఉన్న కాళ్లతో దిగితే ఎలుక జ్వరం వస్తుంది. పిక్కల నొప్పులు, కళ్లు పచ్చబడటం, మూత్రం తగ్గడం కనిపిస్తే మామూలు జ్వరం గోలీతో సరిపెట్టకండి.

ఉసిళ్లు పుట్ట దగ్గర పట్టేటప్పుడు పాము చూసుకోవాలి. చెదల మందు కొట్టిన పుట్టవి వద్దు. రెక్కలు పూర్తిగా పోయేట్టు చెరిగి, దోరగా వేయించాలి. రొయ్యలు పడనివాళ్లకు ఉసిళ్లు కూడా పడకపోవచ్చు. పిల్లలకు మొదటిసారి పెడితే గుప్పెడు కాదు, నాలుగైదు చాలు.

ఎండ్రికాయలు గుళికలు చల్లిన మడిలోవి తేవద్దు. డొప్పలోపలి రసం పచ్చిగా పీల్చొద్దు.

చేప గురించి ఒక్కటే గట్టిగా చెప్తాను. బొచ్చె, రవ్వ లాంటి పెద్ద చేప చేదు తిత్తిని షుగర్‌కు, చూపుకు, ఒంటి వేడికి మంచిదని పచ్చిగా మింగుతుంటారు. దానితో కిడ్నీలు ఆగిపోతాయి. ఒకటి రెండు రోజుల్లోనే మూత్రం తగ్గిపోయి డయాలసిస్ దాకా పోయినవాళ్లు మన దేశంలో చాలామంది. కోసేటప్పుడు తిత్తి పగలకుండా తీసి పారేయండి. చెరువులో చేపలన్నీ ఒక్కరోజే తేలితే కొర్రమట్ట ఎంత పెద్దదైనా తేవద్దు.

దవాఖానలో దాచొద్దు

తిన్నాక వాంతులు, విపరీతంగా చెమటలు, చొంగ, కంటిపాప చిన్నదైపోవడం, ఊపిరి ఆడకపోవడం ఉంటే అది పురుగుమందు. చిగుళ్ల నుంచి, ముక్కు నుంచి నెత్తురు వస్తే ఎలుకల మందు కావచ్చు, అది తిన్న నాడు కాదు, రెండు మూడు రోజుల తర్వాత కూడా బయటపడుతుంది. మొదటిదానికి అట్రోపిన్ ఇస్తారు, రెండోదానికి విటమిన్ కె. జింక్ ఫాస్ఫైడ్‌కు విరుగుడే లేదు, ఎంత తొందరగా తీసుకుపోతే అంత మంచిది. అందుకే ఏం తిన్నారో, ఎక్కడిదో, ఎట్లా చచ్చిందో డాక్టరుకు మొదటి మాటగా చెప్పాలి. కేసు అవుతుందన్న భయంతో "బయట బిర్యానీ తిన్నాడు" అని చెప్తే డాక్టరు వైద్యం వేరేదారిలో మొదలుపెడతాడు, ఆ గంట మళ్లీ రాదు. ఉప్పునీళ్లు, పేడనీళ్లు తాగించి వాంతి చేయించకండి, అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మిగిలిన కూర గిన్నెను, దొరికితే మందు డబ్బానో ప్యాకెట్‌నో కవర్లో చుట్టి వెంట తీసుకుపోండి. ఆ కూర తిన్న మిగతావాళ్లు బాగానే ఉన్నా వాళ్లనూ అదే బండిలో ఎక్కించండి.