భుజం మళ్లీ మళ్లీ జారుతోందా? గిన్నెలో ఎముక ఎంత ఉందో ముందు చూడండి

మొదటిసారి జారిన భుజానికీ ఐదోసారి జారిన భుజానికీ వైద్యం ఒకటి కాదు. జారిన ప్రతిసారీ చేతి ఎముక గుండు, తాను కూర్చునే భుజం గిన్నె ముందంచుకు ఒరుసుకుంటూ బయటికొస్తుంది. ఆ అంచు కాస్త కాస్త అరుగుతుంది. "ఏ ఆపరేషన్ మంచిదండీ?" అని అడిగే ముందు "గిన్నెలో ఎముక ఎంత మిగిలింది?" అని అడగడం అందుకే.

కబడ్డీలో జారింది, ఇదే మొదటిసారి

సంక్రాంతి పోటీల్లో జారితే పక్కనున్న బలశాలి వచ్చి లాగేస్తాడు. లాగనివ్వకండి. ఎముక విరిగి ఉంటే ఆ లాగుడుతో ముక్క పక్కకు పోతుంది, నరం కూడా నలగొచ్చు. చేతిని తువ్వాలుతో ఒంటికి కట్టి ఆసుపత్రికి తీసుకెళ్లండి. కీలు కూర్చోబెట్టక ముందు ఒక ఎక్స్‌రే, తర్వాత ఒకటి. జబ్బ బయటివైపు మొద్దుబారితే వెంటనే చెప్పాలి, అక్కడికి వెళ్లే యాక్సిలరీ నరం ఈ దెబ్బకి సాగుతుంది. 40 దాటినవాళ్లకి మూడు వారాలైనా చెయ్యి పైకి లేవకపోతే లోపలి కండరం చిరిగిందేమో స్కాన్‌లో చూడాలి. 20 ఏళ్ల లోపు కుర్రాళ్ల సంగతి వేరు: మళ్లీ జారే ముప్పు వాళ్లకే ఎక్కువ.

రొయ్యల చెరువు మీద ఏరియేటర్ మోటారు షాక్ కొట్టాక భుజం పట్టేసిందంటే అది వెనక్కి జారి ఉండొచ్చు. ఎదురుగా తీసిన ఎక్స్‌రేలో ఇది మామూలు భుజంలాగే కనిపించి మోసం చేస్తుంది. చెయ్యి బయటికి తిరగకపోవడం గుర్తు. చంక వైపు నుంచి ఇంకో ఎక్స్‌రే తీయించండి.

వల విసిరేటప్పుడు చెయ్యి ఊడిపోతుందేమోనని భయం

చెయ్యి పైకెత్తి వెనక్కి తిప్పగానే గుండె గుభేలుమంటోందంటే గిన్నె చుట్టూ ఉండే లేబ్రం అనే మెత్తటి అంచు ముందువైపు ఊడి ఉంటుంది. దీన్ని బ్యాంకార్ట్ గాయం అంటారు. ఎమ్మారైలో కనిపిస్తుంది. ఎముక బాగానే ఉంటే చిన్న రంధ్రాల ద్వారా యాంకర్లు వేసి ఆ అంచును మళ్లీ కుట్టేస్తారు. చాలామందికి ఇది సరిపోతుంది.

నిద్రలోనూ, చొక్కా తొడుక్కుంటున్నా జారిపోతోంది

అసలు సమస్య ఇక్కడుంది. దెబ్బే తగలకుండా జారుతోందంటే గిన్నె ముందంచు ఎముక అరిగిపోయిందనే అనుమానించాలి. మట్టి కోసుకుపోయిన కాలవగట్టుకి పైన పచ్చిక వేస్తే నిలవదు కదా. కొత్త మట్టి పోయాలి. ఎముక అతుకు ఆపరేషన్ చేసేది ఆ పనే.

ఎంత పోయిందో ఎమ్మారై కన్నా సీటీ స్కాన్ బాగా చెబుతుంది. భీమవరంలోనో కాకినాడలోనో తీయిస్తుంటే ఒక్క మాట గట్టిగా చెప్పండి: త్రీడీ బొమ్మలో గుండుని తీసేసి, గిన్నె ఒక్కటే ఎదురుగా కనిపించేలా ఇవ్వాలి. ఆ బొమ్మ లేకుండా లెక్క కుదరదు. గిన్నె వెడల్పులో 20 నుంచి 25 శాతం పోయి ఉంటే ఒట్టి కుట్లు నిలవవు. బరువు పనులు, ఢీకొట్టే ఆటలు ఉన్నవాళ్లకి 13.5 శాతం దగ్గరే జాగ్రత్తపడే సర్జన్లున్నారు. గుండు వెనక పడే గుంటని, అంటే హిల్-శాక్స్ గుంటని కూడా అదే స్కాన్‌లో కొలుస్తారు. గుంట పెద్దదై గిన్నె బాగుంటే వెనక కండరాన్ని ఎముకకి పట్టి ఉంచే కొసని (టెండన్‌ని) ఆ గుంటలోకి కుట్టే పద్ధతి ఉంది, పేరు రెంప్లిసాజ్.

ఎముక పోయినవాళ్లకి ఎక్కువగా చేసేది లాటర్జె. ఫ్రెంచ్ సర్జన్ మిషెల్ లాటర్జె 1954లో చెప్పిన పద్ధతి. భుజం ముందువైపు కొక్కెంలా పొడుచుకొచ్చిన కోరకాయిడ్ ఎముకని కోసి, దానికి అంటుకున్న కండరాలతో సహా తెచ్చి, గిన్నె ముందు కింది అంచున మామూలుగా రెండు స్క్రూలతో బిగిస్తారు. గిన్నె వెడల్పవుతుంది. పైగా చెయ్యి ఎత్తి తిప్పినప్పుడు ఆ కండరాలు గుండుకి ముందు నుంచి పట్టీలా అడ్డం పడతాయి. ఈ రెండో లాభం మామూలు ఎముక ముక్కతో రాదు. నా లెక్కలో లాటర్జె గొప్పతనం అక్కడే ఉంది.

కోరకాయిడ్ చాలనంత ఎముక పోయినా, లాటర్జె ఇంతకుముందే విఫలమైనా, మొలతాడు ఆనుకునే తుంటి గట్టు నుంచి ముక్క తీసి అతుకుతారు. కొన్నాళ్లు భుజం కన్నా తుంటి దగ్గరే ఎక్కువ నొప్పి అంటారు రోగులు, దానికి సిద్ధపడండి.

కుట్టు ఆపరేషన్ అయ్యాక కూడా జారుతోంది

మొదటిసారి ఎముక నష్టం లెక్కలోకి రాలేదేమో చూడాలి. మళ్లీ అదే కుట్టు వేయించుకునే ముందు సీటీ తీయించండి.

మూర్ఛ ఉంది / రెండు భుజాలూ అన్ని వైపులా వదులు

మూర్ఛ అదుపులోకి రాకుండా ఏ అతుకూ నిలవదు. ముందు న్యూరాలజిస్టు, తర్వాతే సర్జన్. దెబ్బ లేకుండా పుట్టుకతోనే కీళ్లు వదులైనవాళ్లకి ముందు నెలల తరబడి ఫిజియోథెరపీ చేయించాలి. వీళ్లకి తొందరపడి ఎముక అతకడం తప్పు.

ఆపరేషన్ తర్వాత ఏదో తేడాగా ఉంది

ముంజేయి బయటివైపు మొద్దుబారి, మోచెయ్యి మడవడం బలహీనమైతే నరం సాగి ఉంటుంది. చాలాసార్లు నెలల్లో తిరిగొస్తుంది, కానీ సర్జన్‌కి ఆ రోజే చెప్పాలి. జ్వరం, చీము వస్తే ఆగకండి. కొన్ని నెలల తర్వాత లోపల టక్‌టక్‌మంటూ నొప్పి వస్తే అతుకు కలవలేదేమో, స్క్రూ వంగిందేమో సీటీలో తెలుస్తుంది. బీడీ, చుట్ట ఎముక కలవడాన్ని దెబ్బతీస్తాయి. చెయ్యి బయటికి తిరగడం కొంచెం తగ్గడం మామూలే.

జోలె మూడు నాలుగు వారాలు ఉంటుంది. ఆ తర్వాత వ్యాయామాలు ఫిజియోథెరపిస్టు చెప్పిన క్రమంలోనే చేయాలి. కబడ్డీకి సుమారు 4 నుంచి 6 నెలలు పడుతుంది. కొబ్బరికాయల దింపు పనివాళ్లు తమ పనేమిటో ముందే సర్జన్‌కి చెప్పుకోవాలి, ఎందుకంటే కొబ్బరిచెట్టు నడుమ కీలు జారితే పట్టుకునే దిక్కుండదు. సీటీలో ఎముక కలిసినట్టు కనిపించి, రెండు చేతుల బలం సమానమయ్యాకే చెట్టెక్కడం. అప్పటిదాకా ఇంట్లో వేరే పని ఎవరు చూసుకుంటారో ఆపరేషన్ తేదీ కన్నా ముందే తేల్చుకోండి.