గచ్చిబౌలి చేరేలోపే బ్యాటరీ అయిపోయేది

మాది ప్లగ్-ఇన్ హైబ్రిడ్ కారు, అంటే చార్జ్ చేసే బ్యాటరీ మీదా, పెట్రోలు మీదా నడిచేది. ఫుల్ చార్జ్ మీద 40 కిలోమీటర్లు చూపించేది. కానీ శంషాబాద్ నుంచి అవుటర్ రింగ్ రోడ్డు మీదుగా గచ్చిబౌలి ఆఫీసు చేరేసరికే బ్యాటరీ ఖాళీ. సాయంత్రం ఇంటిదాకా పెట్రోలే. బ్యాటరీ పోయిందేమోనని చాలా టెన్షన్ పడ్డాను. సర్వీస్ సెంటర్‌లో చూసి లోపమేమీ లేదన్నారు.

అప్పుడు నా డ్రైవింగ్ గమనించుకున్నాను. అవుటర్ మీద 110లో వెళ్లేవాణ్ని. గాలి నిరోధం వేగం వర్గాన్ని (వేగం × వేగం) బట్టి పెరుగుతుంది కదా, 80తో పోలిస్తే 110లో అది దాదాపు రెట్టింపు! ఎడమ లేన్లలో 80కి దిగాను. అన్నిటికన్నా ఎక్కువ తేడా దీనివల్లే వచ్చింది. సిగ్నల్ దూరంగా కనబడగానే యాక్సిలరేటర్ వదిలేస్తున్నాను. అప్పుడు మోటారే జనరేటర్‌లా పనిచేసి కొంత కరెంటు బ్యాటరీకి తిరిగి పంపుతుంది. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడల్లా పెట్రోలు ఇంజిన్ ఆన్ అయ్యేది, అదీ ఆగింది. ఎండాకాలంలో ప్లగ్ తీయకముందే ఏసీతో కారు చల్లబరుస్తాను, దానికి బ్యాటరీ చార్జ్ ఖర్చు కాకుండా.

ఇప్పుడు ఆఫీసుకు చేరాక 15 కిలోమీటర్ల చార్జ్ మిగులుతోంది. దాన్ని సాయంత్రం గచ్చిబౌలి ట్రాఫిక్‌లో వాడి, అవుటర్ ఎక్కాక పెట్రోలుకు మారుస్తున్నాను.