విడుదలకు ముందు పేరు మారుస్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

అనంతపురం వేరుశనగ వ్యాపారుల లెక్కల కోసం మేము తయారుచేస్తున్న సాఫ్ట్‌వేర్‌కు పేరు మారుస్తున్నాం. పాత పేరు వింటే విత్తనాల దుకాణం అనుకుంటున్నారు.

ముందుగా ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీలో వెతకండి. అక్కడ సరుకులను, సేవలను రకాన్నిబట్టి తరగతులుగా విడదీస్తారు. డౌన్‌లోడ్ చేసుకునే సాఫ్ట్‌వేర్‌కు 9వ తరగతి, ఆన్‌లైన్ సేవకు 42వ తరగతి, రెండూ చూడాలి.

డొమైన్ (వెబ్‌సైట్ చిరునామా) కొన్నాకే పేరు బయటపెట్టండి.

అన్నిటికన్నా ముఖ్యం ఆండ్రాయిడ్ ప్యాకేజీ పేరు, అంటే యాప్‌ను ఫోను, ప్లే స్టోర్ గుర్తుపట్టే లోపలి పేరు. పైకి కనిపించే పేరు ఎప్పుడైనా మార్చుకోవచ్చు. ప్లే స్టోర్‌లో విడుదలయ్యాక ప్యాకేజీ పేరు మార్చలేరు. పాత పేరు అక్కడ మిగిలిందేమో ఇప్పుడే చూడండి. సాఫ్ట్‌వేర్ ఇచ్చే రసీదు అడుగున కూడా చూడండి.

కొత్త పేరును మార్కెట్ యార్డులో చెప్పి చూడండి. మేము అనుకున్న ఒక పేరు విని, ఓ పెద్దాయన ఫోనులో మూడు రకాలుగా టైపు చేశారు. వెంటనే దాన్ని కొట్టేశాం.