కోనసీమ వంటింట్లో గుండెకి మేలు చేసే శాకాహారం

"మేం నీసు ముట్టమండీ, మాకెందుకొస్తుంది గుండె జబ్బు?" అనే మాట మా అంబాజీపేట వైపు చాలా ఇళ్ళల్లో వింటాను. ఎందుకు రాదండీ? కంచం నిండా తెల్లన్నం, దాని మీద నెయ్యి, కొబ్బరి దట్టించిన కూర, పక్కన ఆవకాయ, అప్పడాలు. శాకాహారమే అయినా ఈ భోజనం గుండెకి బరువే. మా వారికి స్టెంట్ వేశాక నేను కొత్త సరుకులేమీ తేలేదు, ఉన్నవాటి పాళ్ళు మార్చాను. ఎలాగో చెబుతాను.

ముందు అన్నం. చిన్న గిన్నెతో కొలిచి పెట్టండి, కూర దానికి రెట్టింపు వడ్డించండి. దంపుడు బియ్యం మంచిది. పెద్దవాళ్ళు నమలలేమంటే గంటసేపు నానబెట్టి, మామూలు బియ్యంతో సగం సగం కలిపి వండండి. మా మావయ్యగారికి అలాగే అలవాటైంది.

రోజూ ఏదో ఒక పప్పు, లేదా గింజ ఉండాలి. పెసరట్టుకి పొట్టు పెసలే రుబ్బండి. ఉలవచారు కాచినప్పుడు నీళ్ళు మనం తాగి, ఉడికిన ఉలవలు గేదెకి పెట్టడం మన అలవాటు. ఆ ఉలవల్లోనే ఉంది అసలు పీచు. సగం గుగ్గిళ్ళుగా తాలింపు వేసుకోండి. ఉలవలు, పెసలు, బెండకాయల్లో కరిగే పీచు పేగుల్లో పైత్యరసాన్ని పట్టుకుని బయటికి పంపేస్తుంది. మళ్ళీ పైత్యరసం తయారు చేసుకోవడానికి కాలేయం రక్తంలోని కొలెస్ట్రాల్‌ని లాక్కుంటుంది. చెడు కొలెస్ట్రాల్ తగ్గేది అలాగే.

కొబ్బరి గురించి చెబితే మా వాళ్ళకి కోపం వస్తుంది. కొబ్బరిలో కొలెస్ట్రాల్ లేదన్నది నిజమే. కానీ పచ్చి కొబ్బరిలో మూడో వంతు కొవ్వు, అందులో నూటికి 80 పాళ్ళకి పైగా సంతృప్త కొవ్వు. అది రక్తంలో చెడు కొలెస్ట్రాల్‌ని పెంచుతుంది. అందుకని కూరలో చిప్పెడు కోరు బదులు పైన ఒక చెంచా చల్లుతాను, వాసనకి అది చాలు. పచ్చడికి నువ్వులు, వేరుశనగ గుళ్ళు వాడతాను. నూనె మా ఇద్దరికీ నెలకి లీటరు, సీసా మీద తేదీ రాసి పెడతాను. నెయ్యి పండగలకే. ఆత్రేయపురం పూతరేకులూ అంతే.

ఉప్పు తగ్గించడమే అన్నిటికన్నా కష్టం. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకి 5 గ్రాముల లోపే ఉండాలంటుంది, అంటే సుమారు ఒక టీ చెంచా. ఆవకాయ, ఊర మిరపకాయలు, వడియాలు, అప్పడాల్లో ఉన్నదీ ఆ లెక్కలోకే వస్తుంది. ఇక్కడ మన ఆవ పెట్టిన కూరలే ఆదుకుంటాయి. కందముక్కలు, బచ్చలి కలిపి మెత్తగా ఉడికించి, చింతపండు పులుసు పోసి దగ్గర పడనివ్వండి. ఒక్క చెంచా నూనెతో తాలింపు పెట్టండి. పొయ్యి దించి, కాస్త చల్లారాకే నూరిన ఆవముద్ద కలపండి, వేడి మీద కలిపితే చేదెక్కుతుంది. పులుపూ ఆవ ఘాటూ ఉన్న కూరలో ఉప్పు సగానికి తగ్గినా నాలుక పట్టుకోలేదు. పనసపొట్టు కూరా ఇంతే, జీడిపప్పు మాత్రం నాలుగు పలుకులకి మించకుండా చూడండి.

కొన్ని జాగ్రత్తలు. గుండెలో కవాటం మార్చి రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నవాళ్ళు ఆకుకూరలు ఒక్కసారిగా పెంచకూడదు. కొన్ని మాత్రల పనిని ఆకుకూరల్లోని విటమిన్ కె తగ్గిస్తుంది, డాక్టరుగారిని అడిగి రోజూ ఒకే పాళ్ళలో తినాలి. మూత్రపిండాల జబ్బున్నవాళ్ళు అరటిపండు, కొబ్బరినీళ్ళ విషయం తప్పకుండా కనుక్కోండి. పాలు, పెరుగు కూడా మానేస్తే బి12 మాత్ర వేసుకోవాల్సిందే, అది మొక్కల్లో దొరకదు. ఇంకో మాట, తిండి మార్చాం కదాని కొలెస్ట్రాల్ మాత్ర మీకు మీరే ఆపకండి. రెండు మూడు నెలలకి రక్తపరీక్ష చేయించి, ఆ కాగితం డాక్టరుగారికి చూపించాకే ఆ సంగతి మాట్లాడండి.