రాస్ప్‌బెర్రీ పైకి పొటెన్షియోమీటర్ కలిపితే రీడింగ్ సరిగా రావడం లేదా?

రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డుకు పాట్ (పొటెన్షియోమీటర్, అంటే నాబ్ తిప్పితే రెసిస్టెన్స్ మారే భాగం) వోల్టేజిని అంకెగా మార్చి ఇచ్చేది ఎంసీపీ3008 చిప్. రాయగడలో గానీ గుణుపురంలో గానీ అది షాపుకెళ్లి అడిగిన వెంటనే దొరికే వస్తువు కాదు. విశాఖ వెళ్లేవాళ్లతో తెప్పించుకోవాలి, లేదా ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టి కొరియర్ కోసం ఎదురుచూడాలి. అందుకే రీడింగ్ రాలేదని చూడగానే చిప్ పోయిందని తీర్మానించకండి. తప్పు ఎక్కువసార్లు వైర్లోనో, పాట్‌లోనో, సెట్టింగ్‌లోనో ఉంటుంది. చేతిలో మామూలు మల్టీమీటర్ ఉంటే అది ఎక్కడుందో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. పరీక్ష పాట్ దగ్గర మొదలుపెట్టి బోర్డు వైపు రండి. కోడ్ జోలికి చివర్లో వెళ్లండి.

ముందు సరైన కనెక్షన్ ఇదీ. 10 కిలో ఓమ్‌ల పాట్ తీసుకోండి. చివరి కాళ్లలో ఒకటి 3.3 వోల్టులకు, రెండోది గ్రౌండ్‌కు, మధ్య కాలు చిప్ 1వ పిన్నుకు, అంటే ఛానెల్ 0కి. చిప్ 15, 16 పిన్నులు 3.3 వోల్టులకు, 9, 14 గ్రౌండ్‌కు. చిప్ 13వ పిన్ను రాస్ప్‌బెర్రీ పై హెడర్‌లో, అంటే బోర్డు మీది పిన్నుల వరుసలో, 23కి, 12వది 21కి, 11వది 19కి, 10వది 24కి వెళ్తాయి.

రాస్ప్‌బెర్రీ పై పిన్నుకు పాట్‌ను నేరుగా కలిపితే 0 లేదా 1 మాత్రమే వస్తోంది

ఆర్డుయినోతో నేర్చుకున్నవాళ్లకు ఇది తరచూ ఎదురవుతుంది. ఆర్డుయినో ఊనోలో అనలాగ్ పిన్నులున్నాయి, రాస్ప్‌బెర్రీ పైలో లేవు. దాని జీపీఐఓ (సిగ్నల్ పంపే, అందుకునే) పిన్నుకు తెలిసింది వోల్టేజి ఉందా లేదా అన్నదే, ఎంత ఉందో కొలవలేదు. అందుకే మధ్యలో ఏడీసీ, అంటే వోల్టేజిని అంకెగా మార్చే చిప్, కావాలి. ఎంసీపీ3008 అలాంటిదే. పేరులో పై ఉన్నా రాస్ప్‌బెర్రీ పై పికో వేరే రకం బోర్డు, దాంట్లో ఏడీసీ ఉంది. ఇంటర్నెట్‌లో పికో కోసం వేసిన సర్క్యూట్ బొమ్మ చూసి పెద్ద బోర్డుకు వైర్లు కలపకండి.

నాబ్ ఒక వైపుకు తిప్పగానే బోర్డు ఆగిపోతోంది, పాట్ వేడెక్కుతోంది

వెంటనే పవర్ తీసేయండి. 3.3 వోల్టుల వైరు మధ్య కాలికి, గ్రౌండ్ వైరు చివరి కాలికి వెళ్లి ఉంటాయి. నాబ్ ఆ చివరికి చేరితే రెంటి మధ్య రెసిస్టెన్స్ దాదాపు సున్నా అవుతుంది, అంటే షార్ట్. వైర్లు సరిచేశాక పాట్‌ను తీసి ఓమ్స్‌లో చూడండి. చివరి కాళ్ల మధ్య సుమారు 10 కిలో ఓమ్‌లు కనిపించి, అది నాబ్ తిప్పినా మారకపోవాలి. మధ్య కాలికీ ఒక చివరికీ మధ్య మాత్రం నెమ్మదిగా మారాలి. ఎక్కడైనా తెగిపోయినట్టు చూపిస్తే లోపలి ట్రాక్ కాలిపోయింది, దాన్ని పక్కన పడేయండి.

ఎప్పుడూ 0, లేదా ఎప్పుడూ 1023

ఎక్కువ మందికి టెన్షన్ పెట్టేది ఇదే. ఈ చిప్ వోల్టేజిని 0 నుంచి 1023 దాకా అంకెగా చూపిస్తుంది, నాబ్ తిప్పితే అది మారాలి. మల్టీమీటర్‌ను 20 వోల్టుల డీసీకి పెట్టి నల్ల ప్రోబ్ గ్రౌండ్‌కు, ఎర్రది పాట్ మధ్య కాలికి ఆనించి నాబ్ తిప్పండి. 0 నుంచి 3.3 దాకా సాఫీగా నడిస్తే పాట్ బాగానే ఉంది. 3.3 దగ్గరే ఉండిపోతే గ్రౌండ్ కాలు తెగింది. 0 దగ్గరే ఉంటే 3.3 వోల్టులు పాట్‌కు అందడం లేదు. కొన్ని బ్రెడ్‌బోర్డుల్లో (వైర్లు గుచ్చే బోర్డుల్లో) పక్కనున్న పవర్ లైన్ సగంలో తెగి ఉంటుంది, పైకి ఆ గీత ఆగినట్టు చిన్న ఖాళీ కనిపిస్తుంది. దాన్ని ఒక జంపర్‌తో కలపాలి.

మధ్య కాలి దగ్గర సరిగా ఉంటే ఎర్ర ప్రోబ్‌ను చిప్ 1వ పిన్ను మీదే పెట్టి మళ్లీ చూడండి. అక్కడ వోల్టేజి రాకపోతే జంపర్ వైరు పాడైంది. వస్తున్నా రీడింగ్ కదలకపోతే పాట్‌ను పూర్తిగా తీసేసి, ఛానెల్ 0ను ఒకసారి గ్రౌండ్‌కు, ఒకసారి 3.3కు కలపండి. 0, 1023 లేదా వాటికి ఒకటి రెండు అంకెల దూరంలో వస్తే చిప్, కోడ్ రెండూ బాగున్నట్టే.

అప్పుడూ రాకపోతేనే ఎస్‌పీఐ, అంటే చిప్, బోర్డు మాట్లాడుకునే దారి, వైపు చూడాలి. బోర్డు సెట్టింగ్‌లు మార్చే రాస్పి-కాన్ఫిగ్ ప్రోగ్రాంలో ఇంటర్‌ఫేస్ ఆప్షన్లలో ఎస్‌పీఐ ఆన్ చేసి బోర్డును రీబూట్ చేయండి. 11, 12 పిన్నుల వైర్లు తారుమారయ్యాయేమో చూడండి. కోడ్‌లో రాసిన ఛానెల్ నంబరు 1 అయి, వైరు ఛానెల్ 0లో ఉండటం కూడా మామూలే, ఎందుకంటే పిన్ను నంబరు 1, ఛానెల్ మాత్రం 0. చిప్ మీది గాడి ఎటు ఉందో కూడా చూసుకోండి. తిరగేసి గుచ్చిన చిప్ వేడెక్కుతుంది. అది ఒకవేళ బతికినా దాని రీడింగ్‌ను నేనైతే నమ్మను.

పూర్తిగా తిప్పినా 675 దగ్గర ఆగిపోతోంది

చిప్‌కు 5 వోల్టులిచ్చి, పాట్‌కు 3.3 ఇచ్చారు. 5కి 1023 అయితే 3.3కి 675 వస్తుంది, లెక్క సరిగ్గానే ఉంది. అయితే ఇక్కడ రీడింగ్ కంటే పెద్ద ప్రమాదం ఉంది. 5 వోల్టుల మీద నడిచే చిప్ 12వ పిన్నులోంచి అంతే వోల్టేజిని రాస్ప్‌బెర్రీ పై బోర్డుకు పంపుతుంది, ఆ బోర్డు పిన్నులు 3.3కి మించి తట్టుకోవు. చిప్ 2.7 వోల్టుల నుంచే పనిచేస్తుంది కాబట్టి అన్నీ 3.3కే పెట్టండి. దీనికి తిరగేసిన లక్షణం నాబ్ మూడింట రెండు వంతులు తిరగగానే 1023 రావడం. అక్కడ పాట్ 5 వోల్టుల మీద, చిప్ 3.3 మీద ఉన్నాయి. చిప్ ఇన్‌పుట్ పాడవకముందే మార్చండి.

నాబ్ సగంలో ఉన్నా అంకె సగానికి చాలా తక్కువ

పాట్ ఎక్కడిది? పాత మైక్‌సెట్ ఆంప్లిఫయర్‌లోంచి పీకిన వాల్యూమ్ కంట్రోల్ అయితే కారణం అదే. మన చెవి శబ్దాన్ని వినే తీరుకు సరిపోయేలా వాల్యూమ్ పాట్‌ను లాగ్ రకంలో చేస్తారు, అంటే దాని రెసిస్టెన్స్ నాబ్ తిప్పినంత మేరకు సమానంగా మారదు. సమానంగా మారేది లీనియర్. ఎ10కె అని ఉంటే సాధారణంగా లాగ్, బి10కె అని ఉంటే లీనియర్. రిపేరు షాపులో అడిగేటప్పుడు పది కె అని ఊరుకోకుండా బి అని కూడా చెప్పండి.

అంకె నిలకడగా ఉండటం లేదు

ఒకటి రెండు అంకెలు అటూ ఇటూ ఊగడం సహజం. పదుల్లో ఊగితే మధ్య కాలికీ గ్రౌండ్‌కూ నడుమ 104 అని రాసిన కెపాసిటర్ వేయండి. చిప్ పవర్ పిన్ను పక్కన అలాంటిదే మరొకటి పెట్టండి. పాట్‌ను పొడవాటి వైర్లతో దూరంగా పెడితే ఇంటి కరెంటు 50 హెర్ట్జ్ హమ్ కూడా వాటిలోకి ఎక్కుతుంది. 20 మిల్లీసెకన్ల వ్యవధిలో సమాన దూరంలో తీసుకున్న రీడింగుల సగటు కడితే అది చాలావరకు పోతుంది, ఎందుకంటే ఆ తరంగం ఒక చుట్టు పూర్తయ్యేది అంతలోనే. 1 మెగా ఓమ్ పాట్ వాడుతుంటే ఈ చిట్కాల కంటే ముందు దాన్ని 10 కిలో ఓమ్‌లకు మార్చండి. అంత పెద్ద రెసిస్టెన్స్ ద్వారా చిప్ లోపలి చిన్న కెపాసిటర్ సమయానికి నిండదు.

నాబ్ కదిలించినప్పుడే, అదీ కొన్ని చోట్లే అంకె గెంతితే అది ట్రాక్ మీది దుమ్ము, తేమ. కోరాపుట్, జయపురం వైపు వానాకాలంలో బీరువాలో పెట్టిన సామానుకే బూజు పడుతుంది, తెరిచి ఉన్న పాట్ సంగతి చెప్పేదేముంది! పవర్ తీసి కాంటాక్ట్ క్లీనర్ కొంచెం చల్లి, నాబ్‌ను ఈ చివరి నుంచి ఆ చివరికి బాగా తిప్పి, ఆరనిచ్చి చూడండి. వంటనూనె, కొబ్బరినూనె లాంటివి వేయకండి, వాటికి దుమ్ము ఇంకా పడుతుంది.

కుడికి తిప్పితే అంకె తగ్గుతోందా? పాట్ చివరి కాళ్ల వైర్లు రెండూ ఒకదాని చోట ఒకటి మార్చండి. సోల్డర్ చేసేశామంటే వైర్లు కదపక్కర్లేదు, కోడ్‌లో 1023 లోంచి రీడింగ్‌ను తీసేస్తే సరి.