రీపర్‌లో డ్రమ్స్‌ని విడివిడి ట్రాక్‌లకు పంపడం

రీపర్‌లో (పాటలు రికార్డ్ చేసి మిక్స్ చేసే సాఫ్ట్‌వేర్) కిక్‌కి (పెద్ద డ్రమ్) కంప్రెసర్ (పెద్ద శబ్దాలను అణిచే ఎఫెక్ట్) వేస్తే హై-హ్యాట్ (జంట తాళాలు) కూడా నలుగుతోందా? అయితే డ్రమ్స్ అన్నీ ఒకే స్టీరియో జతలో (ఎడమ, కుడి ఛానల్స్) వస్తున్నాయన్నమాట.

ముందు డ్రమ్ ప్లగిన్ (డ్రమ్ శబ్దాలు ఇచ్చే ప్రోగ్రామ్) లోపలి మిక్సర్ తెరవండి. అవుట్‌పుట్ ఎంచుకునే చోట కిక్‌కి 1/2 (అంటే 1, 2 కలిసిన జత), స్నేర్ డ్రమ్‌కి 3/4, హ్యాట్‌కి 5/6, మిగతావన్నీ కలిపి 7/8 ఇవ్వండి. నేను ఇంతకు మించి పోను. 16 ప్యాడ్‌లకు (ఒక్కో డ్రమ్ శబ్దానికి ఒకటి) 16 ట్రాక్‌లు తెరిచే ప్రాజెక్ట్ చూస్తేనే నాకు టెన్షన్.

తర్వాత డ్రమ్ ట్రాక్ మీద రూట్ బటన్ నొక్కి, ట్రాక్ ఛానల్స్ 8 చేయండి. అది 2 దగ్గరే ఉండిపోతే స్నేర్ మాయమైపోతుంది. 8 చేసినా వినపడకపోతే ప్లగిన్ విండో పైన పిన్ కనెక్టర్ (ప్లగిన్ అవుట్‌పుట్‌లు ఏ ట్రాక్ ఛానల్స్‌కి వెళ్తాయో చూపే పట్టిక) తెరవండి. 3, 4 అవుట్‌పుట్‌లు 3, 4 ఛానల్స్‌కి కలిసి ఉండాలి.

ఇక నాలుగు కొత్త ట్రాక్‌లు పెట్టి, డ్రమ్ ట్రాక్ నుంచి ఒక్కోదానికి ఒక సెండ్ (శబ్దం పంపే దారి) ఇవ్వండి. స్నేర్ సెండ్‌లో ఆడియో 3/4 నుంచి 1/2కి, మిడి (ఏ స్వరం మోగాలో చెప్పే సమాచారం) మాత్రం నన్ (None, అంటే ఏమీ పంపకుండా). మిగతావీ అంతే, ఒక్కోటి దాని జత నుంచి 1/2కి. డ్రమ్ ట్రాక్‌లో మాస్టర్ సెండ్ (అన్ని ట్రాక్‌లు కలిసే చివరి ట్రాక్‌కి వెళ్లే దారి) టిక్ తీసేయండి, లేదంటే కిక్ రెండుసార్లు కలిసి మోగుతుంది.

ఎఫ్ఎక్స్ విండో (ట్రాక్ ప్లగిన్‌లు ఉండే చోటు) ఆప్షన్స్‌లో ‘బిల్డ్ మల్టీఛానల్ రౌటింగ్’ నొక్కితే ట్రాక్‌లు, సెండ్‌లు అదే పెట్టేస్తుంది. అయినా ఒకసారి చేత్తో చేసి చూడండి, ఎక్కడైనా తేడా వస్తే పట్టుకోవడం తేలిక. సెండ్‌లు పోస్ట్-ఫేడర్‌లోనే (వాల్యూమ్ ఫేడర్ దాటాక పంపేలా) ఉంచితే డ్రమ్ ట్రాక్ ఫేడర్‌తో నాలుగింటినీ తగ్గించవచ్చు.